అగ్గిపుల్ల వెల



తెల్లవారుజామున కోడి కూయగానే మన ఇండ్లలో తల్లి లేచి చేయు మొదటి పనులలో పొయ్యి ముట్టించుట యొకటి. నేడు చాల ఇండ్లకు గ్యాసు పొయ్యి వచ్చినది. కొన్ని ఇండ్లలో కట్టెల పొయ్యి యింకను ఉన్నది. పొయ్యి ఏదైనను, గూటిలోని అగ్గిపెట్టె తీసి, పుల్ల గీసి, గాలికి ఆరిపోకుండ అరచేయి అడ్డము పెట్టి అంటించుట మనము చిన్నతనమునుండి చూచుచున్నదే. అది రెప్పపాటులో అయిపోవు పని. దానిని గూర్చి ఎవరును తలపోయరు.

విజ్ఞానశాస్త్రము మనుష్యుల జీవితమును మార్చినదని ఎవరైన చెప్పినప్పుడు మనకు రైలుబండియు, విమానమును, టెలిఫోనును జ్ఞాపకము వచ్చును. అవి పెద్ద వస్తువులు, దూరమునుండియే కనబడును. అయితే పూరిపాకలోనికి సహితము వచ్చి, గూటిలో కూర్చుండి, ఇల్లాలి ఉదయకాలమును మార్చివేసిన వస్తువు అగ్గిపెట్టె. మన దేశములో దాని వెల పదునాలుగేండ్లు ఒక్క రూపాయిగానే యుండి, 2021 డిసెంబరు 1వ తేదీనుండి రెండు రూపాయలాయెను. రూపాయి పెరిగినదని గొణిగినవారు మనలోను లేకపోలేదు. అయితే ఆ పుల్లకు నిజముగా ఎంత వెల చెల్లింపబడినదో, ఆ వెలను ఎవరు చెల్లించిరో ఎరిగినవారు కొద్దిమందియే. ఆ కథ ఇప్పుడు చెప్పుకొందము.

నిప్పు అప్పు తెచ్చుకొనిన దినములు

అగ్గిపెట్టె రాకముందు నిప్పు పుట్టించుట ఒక పని. పుట్టిన నిప్పును చావనీయక కాచుట మరియొక పని. చెకుముకి రాతిని ఉక్కుముక్కతో కొట్టవలెను. రాలిన రవ్వలను కాల్చిన దూదిలో పట్టవలెను. మెల్లగా ఊది ఊది మంట చేయవలెను. వానకాలములో దూది చెమ్మగిల్లినయెడల చేతులు నొచ్చునే గాని నిప్పు రాదు. కాబట్టి ఇల్లాండ్రు రాత్రి వంట ముగిసిన పిమ్మట నిప్పుకణికలను పొయ్యిలో ఒక మూలకు చేర్చి, పిడకముక్క పెట్టి, పైన బూడిద కప్పి పండుకొనెడివారు. తెల్లవారి బూడిద తొలగించి ఊదినయెడల కణిక కన్ను తెరచును. నివురు గప్పిన నిప్పు అని మనము నేటికిని అను మాట అట్టి పొయ్యిని ఎరిగినవారి మాట.

ఆ కణికయు చచ్చినయెడల ఏమి చేయవలెను? పిడక చేతబట్టుకొని పొరుగింటికి పోవలెను. “అమ్మా, కాస్త నిప్పు పెట్టవా” అని అడుగవలెను. పొరుగువారు మంచివారైతే బాధ లేదు. కాని అంటరానితనము పాటించిన ఊళ్ళలో పేటవారు పెద్ద ఇండ్లకు పోయి అడుగవలసివచ్చినప్పుడు గడప తొక్కుట కూడదు, వాకిటి వెలుపలనే నిలువవలెను, ఇంటివారికి తీరిక దొరకువరకు కాచుకొనవలెను. అట్టివానికి తన గూటిలో తన అగ్గిపెట్టె యుండుట అనగా ఒకరి వాకిట నిలువనక్కరలేకుండుట. సౌకర్యము అను మాటకు పేదవాని యింట ఈ అర్థము కూడ కలదు. కావున అగ్గిపుల్లను చిన్న వస్తువని చులకన చేయరాదు.

దొరల దేశములలోను అప్పటి సంగతి ఇంతకంటె మేలుగా లేదు. ఇంగ్లండులో ప్రతి యింట ఒక రేకు డబ్బా ఉండెడిది. అందులో చెకుముకి రాయి, ఉక్కుముక్క, మాడ్చిన నారబట్ట పేలికలు ఉండెడివి. చలికాలపు చీకటిలో పనిమనిషి మోకాళ్ళమీద కూర్చుండి, వ్రేళ్ళు కొంకర్లు పోవుచుండగా, రాతిని మరల మరల కొట్టుచుండవలెను.

బంగారము వెదకినవానికి దొరికిన వెలుగు

అగ్గిపుల్ల కథకు మొదలు జర్మనీలోని హాంబర్గు పట్టణమున 1669లో కనబడును. అక్కడ హెన్నిగ్ బ్రాండ్ అను రసవాది యుండెను. హీనలోహములను బంగారముగా మార్చవచ్చునని ఆ దినములలో అనేకులు నమ్మిరి. మూత్రము పసుపుపచ్చగా నుండుటచేత అందులో బంగారము దాగియున్నదేమో అని తలంచి, బ్రాండ్ దానిని విస్తారముగా సేకరించి, కుళ్ళనిచ్చి, కాచి, మిగిలిన మడ్డిని తీవ్రముగా వేడిచేసెను. బంగారము రాలేదు. మైనమువంటి మెత్తని తెల్లని పదార్థము వచ్చెను. అది చీకటిలో తనంతట తానే వెలిగెను! దానికి వెలుగును మోయునది అను అర్థముగల గ్రీకు పేరు వచ్చెను. మన భాషలో దానినే భాస్వరము అందుము. ప్రకాశించునది అని ఆ మాటకు అర్థము.

1680 ప్రాంతమున ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ అను పండితుడు భాస్వరము పూసిన కాగితముమీద గంధకము అంటించిన పుల్లను రాచి మంట పుట్టించెను. అయితే అప్పుడు భాస్వరము మిక్కిలి ప్రియము. సామాన్యునికి అది అందలేదు. 1770 ప్రాంతమున స్వీడనులో గాన్, షీలే అను శాస్త్రజ్ఞులు పశువుల ఎముకలలో భాస్వరము కలదని కనుగొనిన తరువాతనే అది చౌకగా దొరకు త్రోవ ఏర్పడెను.

ఇంగ్లండులోని స్టాక్‌టన్ పట్టణమున జాన్ వాకర్ అను మందుల అంగడివాడు 1826లో ఆంటిమొనీ సల్ఫైడును, పొటాషియం క్లోరేటును జిగురుతో కలుపుచుండెను. కలిపిన కఱ్ఱ చివరను మందు ఎండి గట్టిపడెను. అది పొయ్యి ముందటి రాతికి రాచుకొనగానే భగ్గుమని మండెను. వాకర్ అట్టి పుల్లలను చేసి, మడత పెట్టిన ఉప్పుకాగితపు ముక్కతో కూడ అమ్మసాగెను. అతని లెక్కల పుస్తకములో మొదటి అమ్మకము 1827 ఏప్రిల్ 7వ తేదీన వ్రాయబడియున్నది. ఈ ఉపాయముమీద తనకే హక్కు ఉండవలెనని అతడు సర్కారు పత్రము తీసికొనలేదు. అందువలన లండనులో ఇతరులు త్వరలోనే అట్టి పుల్లలను చేసి అమ్మిరి.

వాకర్ పుల్లలలో భాస్వరము లేదు. అవి అంటుకొనుటకు గట్టిగా రాయవలెను, రవ్వలు చిమ్మును, దుర్గంధము వచ్చును. 1830 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు యువకుడు షార్ల్ సోరియా ఆ మందులో తెల్ల భాస్వరమును కలిపెను. ఆ పుల్ల గోడకు రాచినను, చెప్పు అడుగున రాచినను తేలికగా వెలుగును. కొలది ఏండ్లలోనే ఐరోపా అంతట అగ్గిపుల్లల కార్ఖానాలు లేచెను. ప్రజలు సంతోషించిరి. నిప్పు ఇప్పుడు జేబులోనికి వచ్చెను.

పుల్ల తలలోని విషము

అయితే తెల్ల భాస్వరము విషము. కార్ఖానాలో పనివారు భాస్వరపు ముద్దను జిగురుతో కలిపి వేడిచేసి, అందులో పుల్లల తలలను ముంచి, ఆరబెట్టి, పెట్టెలలో సర్దెడివారు. గదులలో గాలి చాలదు. భాస్వరపు ఆవిరి దినమెల్ల ముక్కునను నోటను పోవుచుండెడిది. ఆ చేతులతోనే, ఆ బల్లయొద్దనే, వారు రొట్టె తినెడివారు. ఈ పనిలో ఎక్కువమంది స్త్రీలును పిల్లలును.

కొన్ని ఏండ్ల పిమ్మట వారిలో కొందరికి పంటిపోటు వచ్చును. పన్ను పీకించినను పుండు మానదు. దవడ వాచును, చీము పట్టును, లోపలి ఎముక చచ్చి ముక్కలుగా ఊడివచ్చును. ఆ దుర్వాసనకు సొంత ఇంటివారే దగ్గర కూర్చుండలేకపోయిరి. వైద్యులు చేయగలిగినది ఒక్కటే, చచ్చిన దవడ ఎముకను కోసి తీసివేయుట. అట్లు తీసివేసిన తరువాత బ్రదికినవారు ముఖము కప్పుకొని బ్రదికిరి. అనేకులు చనిపోయిరి. 1845లో వియన్నా పట్టణపు వైద్యుడు లోరిన్సర్ ఈ రోగమును గూర్చి వ్రాసి, అది అగ్గిపుల్లల భాస్వరమువలన వచ్చుచున్నదని తెలియజేసెను.

చదువరులారా, ఈ 1845 అను సంవత్సరమును గుర్తుంచుకొనుడు. ఆనాటినుండి ఎవరును “మాకు తెలియదు” అని చెప్పుటకు వీలు లేదు.

మందు దొరికినను

మరి విషము లేని పుల్ల చేయుటకు త్రోవ లేకపోయెనా? ఉండెను. ఇదియే ఈ కథలో మనస్సును నొప్పించు సంగతి.

తెల్ల భాస్వరమును గాలి తగులకుండ మూసి వేడిచేసినయెడల అది ఎర్ర భాస్వరముగా మారును. పదార్థము ఒక్కటే, గుణము వేరు. ఎర్ర భాస్వరము చీకటిలో వెలుగదు, తనంతట తాను మండదు, పనివాని దవడను తినదు. ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు ష్రోట్టర్ 1840ల దశకములో ఈ సంగతిని స్పష్టముగా ఋజువు చేసెను. స్వీడనులో పాష్ అను పండితుడు 1844లోనే మరియొక మంచి ఉపాయము చెప్పియుండెను: భాస్వరమును పుల్ల తలలో పెట్టక పెట్టె ప్రక్కను పూయవలెను. ఆ దేశములోని యోన్‌షోపింగ్ పట్టణమున లండ్‌స్ట్రోమ్ సోదరులు ఈ రెండింటిని కూర్చి పుల్లలు చేసి, 1855లో పారిసు ప్రదర్శనములో బహుమానము పొందిరి.

నేడు మీ గూటిలోని అగ్గిపెట్టె ఆ విధమైనదే. ఒకసారి చేతబట్టి చూడుడు. పుల్ల తలలో పొటాషియం క్లోరేటు, గంధకము, గాజుపొడి, జిగురు ఉండును, భాస్వరము లేదు. పెట్టె ప్రక్కనున్న గోధుమరంగు పట్టీలో ఎర్ర భాస్వరమును గాజుపొడియు ఉండును. గీసినప్పుడు రాపిడి వేడికి పట్టీమీది ఎర్ర భాస్వరములో కంటికి కనబడనంత కొంచెము తెల్ల భాస్వరముగా మారి భగ్గుమనును. ఆ వేడికి తలలోని క్లోరేటు ప్రాణవాయువును విడుచును, గంధకము అంటుకొనును, మైనములో ముంచిన పుల్ల మంటను నిలుపును. ఇది యంతయు ఒక్క క్షణములో జరుగును. పుల్ల ఒకచోటను దానిని వెలిగించునది మరియొకచోటను ఉండుటవలననే అది జేబులో రాచుకొని మండక క్షేమముగా నుండును.

ఇంత మంచి సాధనము 1855లోనే లోకమునకు కనబడెను. అయినను తెల్ల భాస్వరపు పుల్లలు ఆగలేదు. కారణమేమి? ఎర్ర భాస్వరము కొంచెము ప్రియము. దాని పుల్ల పెట్టెమీదనే వెలుగును. గోడమీద గీయుటకు అలవాటుపడినవారికి అది నచ్చలేదు. కొనువాడు అరకాసు తక్కువైన పెట్టెను అడిగెను. అమ్మువాడు కొనువాడు అడిగినదే చేసితినని చెప్పెను. ఇద్దరి నడుమ చిన్నపిల్ల దవడ పోయెను.

లండనులో అగ్గిపెట్టెల వ్యాపారమునకు పేరుపడిన కంపెనీని స్థాపించిన బ్రయంట్, మే అను ఇద్దరును క్వేకరు సంఘమువారు. క్వేకరులు యథార్థతకును దయకును పేరుపొందిన భక్తులు. ఆ కంపెనీ స్వీడను పుల్లలను ఇంగ్లండులో చేయు హక్కును 1855లోనే కొనెను. మంచి పుల్లయు వారియొద్ద ఉండెను. అయితే అమ్మకము ఎక్కువగా దేనికి ఉండెనో ఆ విషపు పుల్లను కూడ ఆ కంపెనీ చేయుచునే వచ్చెను.

పనిపిల్లలు లేచిన దినము

1888 నాటికి లండను తూర్పుభాగమున బో అను పేటలో ఆ కార్ఖానా వందలకొలది ఆడుపిల్లలతో నడుచుచుండెను. కూలి కొంచెము. ఆ కొంచెములోను జరిమానాలు. కాళ్ళు మురికిగా నున్నవని జరిమానా. పనివేళ మాటలాడితివని జరిమానా. బల్ల చక్కగా లేదని జరిమానా. వాటాదారులకు మాత్రము నూటికి 20కి పైగా లాభము ముట్టుచుండెను.

ఆ సంగతి విని అనీబిసెంటు అను స్త్రీ కార్ఖానా గుమ్మమునొద్ద పిల్లలను కలిసికొని, వారిని విచారించి, 1888 జూన్ 23న తన పత్రికలో ప్రకటించెను. ఆ కంపెనీ వాటాదారులలో పాదిరులును ఉన్నారని ఆమె చూపెను. మాకు ఏ కష్టమును లేదని వ్రాసిన కాగితముమీద సంతకము పెట్టుమని పనిపిల్లలను బలవంతపెట్టగా వారు పెట్టలేదు. ఒక పనిపిల్లను తీసివేయగానే జూలై మొదటివారములో దాదాపు 1,400 మంది స్త్రీలును బాలికలును పని విడిచి వీధిలోనికి వచ్చిరి. కొద్దివారములలోనే కంపెనీ లొంగెను. జరిమానాలు పోయెను. విషపు బల్లయొద్ద గాక వేరొక గదిలో భోజనము చేయుటకు ఏర్పాటు జరుగునని మాట వచ్చెను. వేరు గది చిన్న సంగతియని మనకు తోచవచ్చును. భాస్వరము అంటిన రొట్టె తినినవానిని అడిగినయెడల అది చిన్నదో పెద్దదో చెప్పును.

ఆ అనీబిసెంటు 1893లో మన దేశమునకు వచ్చెను. 1915లో మన మదనపల్లెలో కళాశాల స్థాపించెను. 1917లో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షురాలాయెను. పాదిరి భార్యయైన ఆమె 1888 నాటికి క్రైస్తవ విశ్వాసమును విడిచియుండెను. ఇది దాచవలసిన సంగతి కాదు, మనము సిగ్గుతో తలంచవలసిన సంగతి. బల్లమీద కూర్చుండి కీర్తనలు పాడినవారు చూడని దవడను, బల్ల విడిచి పోయిన స్త్రీ చూచెను.

అయితే సంఘము బొత్తిగా ఊరకుండలేదు. రక్షణ సైన్యమును స్థాపించిన విలియం బూత్ 1891లో లండనులోనే ఓల్డ్ ఫోర్డు అను చోట సొంత అగ్గిపెట్టెల కార్ఖానా తెరచెను. మన బాపట్ల, స్టువార్టుపురము ప్రాంతములవారికి రక్షణ సైన్యము పేరు కొత్త కాదు. బూత్ కార్ఖానాలో ఎర్ర భాస్వరమే వాడిరి. గాలి వెలుతురు గల గదులు కట్టిరి. ఇతరులు ఇచ్చినదానికంటె ఎక్కువ కూలి ఇచ్చిరి. దాని పెట్టె వెల కొంచెము ఎక్కువ. భక్తులు కొందరు మనస్సాక్షి నిమిత్తము దానినే కొనిరి; కాని బజారు మనుష్యులు చౌక పెట్టెనే కొనిరి. 1901లో ఆ కార్ఖానా మూతపడెను. ఓడిపోయినదని అనవచ్చునా? ఆ సంవత్సరమే బో పేటలోని పెద్ద కంపెనీయు తెల్ల భాస్వరమును మానివేసెను. విషము లేకుండ పుల్ల చేయుట సాధ్యమని, కూలి ఎక్కువ ఇచ్చియు చేయవచ్చునని బూత్ పది సంవత్సరములు అందరి కన్నులయెదుట చూపియుండెను.

చట్టము వచ్చుటకు పట్టిన కాలము

కొన్ని చిన్న దేశములు ముందుగా మేలుకొనెను. ఫిన్లండు 1872లోను, డెన్మార్కు 1874లోను తెల్ల భాస్వరపు పుల్లలను నిషేధించెను. ఇంగ్లండువంటి పెద్ద దేశము వ్యాపారము పోవునని వెనుకాడెను. బో పేట కంపెనీ రోగుల సంగతి అధికారులకు తెలుపక దాచినదని 1898లో తేలి జరిమానా పడెను. ఆ జరిమానాయు చాల స్వల్పము. అదే సంవత్సరము ఫ్రాన్సులో సెవెన్, కాహెన్ అను ఇద్దరు భాస్వరమును గంధకముతో కూర్చి మరియొక పదార్థమును పుల్లలకు వాడిరి. అది ఎక్కడ గీసినను వెలుగును, దవడను తినదు. ఇక కొనువాని అలవాటును సాకుగా చెప్పుటకును వీలు పోయెను.

1906లో స్విట్జర్లండులోని బెర్నులో ఏడు దేశములు కూడి తెల్ల భాస్వరపు పుల్లలను చేయగూడదు, తెప్పింపగూడదు, అమ్మగూడదు అని ఒడంబడిక చేసికొనెను. ఇంగ్లండు 1908లో చట్టము చేసెను. అమెరికాలో ఆ మంచి మందుమీద హక్కు ఒక్క కంపెనీ చేతిలో నుండెను. 1911లో ఆ కంపెనీ తన హక్కును ప్రజలకు విడిచిపెట్టెను. మరుసటి సంవత్సరము అక్కడి ప్రభుత్వము విషపు పుల్లమీద భారమైన పన్ను వేసి దానిని ఆపెను. మన హిందూదేశములో 1913లో చట్టము వచ్చెను.

లెక్క చూడుడు. రోగము తెలిసినది 1845లో. మందు కనబడినది 1855లో. బెర్ను ఒడంబడిక 1906లో. జ్ఞానము వచ్చిన తరువాత జాలి వచ్చుటకు ఏబది సంవత్సరములకు పైగా పట్టెను.

మన దేశపు పెట్టె

మన దేశమునకు మొదట అగ్గిపెట్టెలు స్వీడనునుండియు జపానునుండియు ఓడలమీద వచ్చెడివి. 1922లో తమిళదేశములోని శివకాశినుండి అయ్య నాడారు, షణ్ముగ నాడారు అను ఇద్దరు యువకులు కలకత్తా పోయి అగ్గిపెట్టెలు చేయు పని నేర్చుకొని, 1923లో తమ ఊరికి వచ్చి దానిని ప్రారంభించిరి. శివకాశి వాన తక్కువగల మెట్టసీమ. పంటకు వాన లేకపోవుట శాపమే. కాని పుల్లలు ఆరుటకు ఎండ దీవెనయే. ఆ ఎండనే ఆధారము చేసికొని ఆ సీమ అన్నము సంపాదించుకొనెను. ఆంధ్రదేశపు గూళ్ళలోని పెట్టెలు చాలవరకు శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతములనుండి వచ్చినవే.

అయితే పుల్లలను చట్రములో పేర్చుటకును, పెట్టెలలో సర్దుటకును చిన్న వ్రేళ్ళు చురుకుగా నుండునని పిల్లలను పనిలో పెట్టిరి. బడికి పోవలసిన పిల్లలు తెల్లవారకముందే లేచి కార్ఖానాకు పోయిరి. తల్లిదండ్రులు కఠినులై పంపలేదు, కరవు పంపెను. 1986లో వచ్చిన బాలకార్మిక చట్టము అగ్గిపెట్టెల తయారీలో పిల్లలను పెట్టరాదని నిషేధించెను. శివకాశి పిల్లల విషయమై జరిగిన వ్యాజ్యములో సుప్రీం కోర్టు 1996 డిసెంబరు 10న తీర్పు చెప్పి, పిల్లను పనిలో పెట్టిన యజమాని ఒక్కొక్క పిల్లకు 20,000 రూపాయలు ఆ పిల్లల మేలుకొరకైన నిధికి చెల్లించవలెనని ఆజ్ఞాపించెను. విషము పోయినది 1913లో. పిల్లలను తప్పించుటకు మరి ఎన్ని ఏండ్లు పట్టినవో చూడుడు.

ఇది దూరదేశపు కథయో, తమిళదేశపు కథయో అని మనము చేతులు కడుగుకొనరాదు. మన కర్నూలు, మహబూబునగరు జిల్లాలలోని సంకర పత్తి విత్తనపు చేలను మీలో కొందరు ఎరుగుదురు. ఆ విత్తనము కావలెనన్న ప్రతి పూవుకును మగభాగమును గిల్లివేసి, మరియొక పూవు పుప్పొడిని చేతితో అద్దవలెను. ఆ పనికి చిన్న వ్రేళ్ళు మేలని, కూలి తక్కువని, 1990లలోను 2000 తరువాతను వేలకొలది చిన్న బాలికలను అక్కడ పెట్టిరి. పురుగుమందు చల్లిన చేలలో వారు దినమెల్ల వంగి నడచిరి. శివకాశి చట్రమునొద్ద చెప్పిన మాటయే ఇక్కడను చెప్పిరి. కావున చిన్న వ్రేళ్ళను గూర్చి ఎవరైన మెచ్చుకొనుచుండగా వినినయెడల మనము జాగ్రత్తగా నుండవలెను.

చివరి మాట

విజ్ఞానము మనకు మేలు చేసినదా? చేసినది, సందేహము లేదు. చెకుముకితో చేతులు నొప్పించుకొను బాధ పోయినది. ఒకరి వాకిట నిప్పుకై నిలుచు అవమానము పోయినది. ఆ మేలును కాదనువాడు కృతజ్ఞత లేనివాడు. అయితే కొత్త వస్తువు కొనువాని యింటిలో బరువు తగ్గించినంతమాత్రమున పని ముగిసినదని అనుకొనరాదు. చేయువాని వీపుమీదనుండియు బరువు దిగినప్పుడే ముగిసినట్టు. మొదటి సగమును బుద్ధిమంతులు కొద్ది ఏండ్లలో చేసిరి. రెండవ సగమునకు శాస్త్రజ్ఞుడు చాలలేదు. సంతకము పెట్టని పనిపిల్లయు, ఊరకుండని స్త్రీయు, నష్టమునకు వెరవని బూత్‌వంటివాడును, చట్టము చేసిన సభలును, కొంచెము ఎక్కువ వెల పెట్టి మంచి పెట్టెను కొనిన సామాన్యులును కావలసివచ్చిరి.

ఆ చివరివారు మనవంటివారే. మనము భాస్వరమును కనుగొనలేము, ఒడంబడికలు వ్రాయలేము. కాని అంగడిలో నిలిచి కొనుట మన చేతిలో నున్నది. చౌకగా దొరకిన వస్తువు ఎందుకు చౌకగా నున్నదో అడుగుట మన నోటిలో నున్నది. మన చేలో కలుపు తీయుటకు వచ్చిన పిల్లను, “నీవు బడికి పోలేదేమమ్మా?” అని అడిగి, ఆమె తండ్రితో మాటలాడుట మన కాళ్ళకు దూరము కాదు. కూలివానికి సందెవేళకే కూలి ఇచ్చివేయుటయు అట్టిదే.

రేపు తెల్లవారుజామున పొయ్యి ముట్టించుటకు పుల్ల గీయునప్పుడు ఒక్క క్షణము ఆ చిన్న మంటను చూడుడు. మీ దవడకు ఏ హానియు లేక అది వెలుగుచున్నది. దానిని చేసినవాని దవడకును హాని లేదు. ఈ రెండవ మాటను నిజము చేయుటకు ఎందరో పాటుపడిరి. వారి పేళ్ళు చాలవరకు మనకు తెలియవు. వారి వెలుగులో మన అన్నము ఉడుకుచున్నది.